పెరటి చెట్టు

మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం బొల్లారం బజార్లో, మేమెప్పుడూ కూర్చునే చాయ్ హోటల్లో, నా చిన్నప్పటి ఫ్రెండ్ టోపీ తీసి టేబుల్ మీద పెట్టి "మామా, ఇస్తాంబుల్ పోతున్న" అన్నాడు.

ఆఫీసు పనా అన్నాను. కాదట. హనీమూన్ అనుకుందామంటే వాడికింకా పెళ్ళి కాలేదు. పెళ్ళి కావట్లేదనే ఈ గొడవంతా. ఇరవై ఏడేళ్ళకే వాడి నుదురు నడినెత్తి దాకా జరిగిపోయింది. మ్యాట్రిమొనీ సైట్లో ఫోటోలు మార్చీ మార్చీ విసిగిపోయి, చివరికి జుట్టు నాటించుకోవడానికి బయల్దేరుతున్నాడు. అంతా ప్యాకేజీ. ఎయిర్‌పోర్టు నుంచి కారు, హోటలు, ఒక రోజు ఆపరేషను, మర్నాడు కట్టు విప్పడం, ఓపికుంటే బాస్ఫరస్ మీద పడవ షికారు.

ఎవరైనా అడిగే ప్రశ్నే నేనూ అడిగాను. జూబ్లీహిల్స్ నుంచి కూకట్‌పల్లి దాకా సందుకో హెయిర్ క్లినిక్ ఉండగా అంత దూరం ఎందుకురా అని. విమానం టికెట్టు కూడా కలిపితే వాడికి మిగిలేదేం లేదు. ఆ లెక్క నాకంటే వాడికే బాగా తెలుసు, ఎక్సెల్ షీట్ వేసి చూపించాడు కూడా.

"రేటు కాదు మామా. ఇక్కడ చేయించుకుంటే ఎవడో ఒకడు చూస్తడు. లిఫ్టుల మా మేనత్త కనపడ్తది. అక్కడ నన్ను ఎరిగినోడు ఎవడూ ఉండడు." కాసేపాగి, "ఇంకోటేందంటే, ఇక్కడోళ్ళ మీద నాకు నమ్మకం లేదు" అన్నాడు.

"మరి అక్కడోళ్ళ మీద ఎట్లొచ్చింది?"

"అక్కడోళ్ళు నాకు తెల్వదు కదా."

అనేసి వాడే నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. తెలియని మనిషి కాబట్టి నమ్మాను అనడం తర్కానికి నిలబడేది కాదు. అయినా మనలో చాలామంది తల అప్పగించేది, గుండె అప్పగించేది ఈ లెక్క ప్రకారమే.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. బళ్ళో దీనికి అర్థం రాయమంటే 'దగ్గరున్నదాని విలువ తెలియదు' అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. అది తప్పు కాదు, చాలదు. ఆ అర్థంలో తప్పంతా మనిషిది, చూపు లేనివాడిది. సామెతని చెట్టు వైపు నుంచి ఎవరూ చదివినట్టు లేదు. పెరటి చెట్టుకి మన సంగతులు చాలా తెలుసు. దాని కింద గిన్నెలు తోమాం, విడిచిన బట్టలు ఆరేశాం, తోడికోడళ్ళు పోట్లాడుకున్నారు, అర్ధరాత్రి ఎవరో ఒకరు ఒంటరిగా కూర్చుని ఏడ్చారు. అన్నీ చూసిన చెట్టు దగ్గరికి జబ్బు పట్టుకుని వెళ్ళి చెయ్యి చాపాలంటే కొంచెం కష్టమే. మందు ఇచ్చేవాళ్ళకి మనం కొత్తవాళ్ళమై ఉండాలి. కొత్తచోట మన కథ మొదటి నుంచి, మనకి నచ్చినట్టు మొదలుపెట్టుకోవచ్చు.

ఈ మధ్య కుర్రకారు వైద్యం కోసం విదేశాలకి వెళ్ళాలని ఎందుకనుకుంటారో తేల్చడానికి మనస్తత్వ పరిశోధకులు ప్రశ్నపత్రాలు తయారు చేస్తున్నారు. వీటిల్లో చాలావాటికి ఆధారం ఐసెక్ ఐజెన్ అనే సామాజిక మనస్తత్వవేత్త 1991లో రాసిన ఒక వ్యాసం. ఆయన చెప్పింది సులువుగానే అర్థమవుతుంది. ఒక పని చేయాలన్న ఉద్దేశం మూడింటి నుంచి పుడుతుంది. ఆ పని మంచిదా కాదా అన్న నా అభిప్రాయం ఒకటి. నాకు కావలసినవాళ్ళు దాని గురించి ఏమనుకుంటారన్నది రెండోది. చేయడం నా చేతుల్లో ఉందన్న నమ్మకం మూడోది. ఈ మూడింటినీ 'అస్సలు ఒప్పుకోను' నుంచి 'పూర్తిగా ఒప్పుకుంటాను' దాకా గళ్ళు గీసి టిక్ పెట్టిస్తారు. మా వాడి చేత పెట్టిస్తే మంచి మార్కులే వస్తాయి. పని మంచిదే అనుకుంటున్నాడు. పోగొట్టుకున్న జుట్టు తెచ్చుకుంటే కాదనేవాళ్ళు లేరు. పాస్‌పోర్టుంది, క్రెడిట్ కార్డుంది.

ఆ గళ్ళలో మేనత్త ఎక్కడా దొరకదు. ఉన్నా తలకిందులుగా ఉంటుంది. నాకు కావలసినవాళ్ళు మెచ్చుకుంటారనో వద్దంటారనో కాదు, అసలు వాళ్ళెవరికీ తెలియకూడదనే వాడు విమానం ఎక్కుతున్నాడు. ఇస్తాంబుల్లో వాడు కొనుక్కుంటున్నది సగం జుట్టు, సగం దూరం.

దూరాన్ని మందుగా వాడటం మా ఊరికి కొత్తేం కాదు. నిజానికి ఈ ఊరు మొదలైందే అట్లా. నిజాం సొమ్ముతో, ఇంగ్లీషు ఆఫీసర్ల కింద నడిచిన పటాలానికి నగరం అవతల వేసిన దండు బొల్లారం. కోఠీలో అంత పెద్ద రెసిడెన్సీ ఉండగా రెసిడెంటు దొరలకి ఊరి బయట ఇక్కడ ఇంకో బంగళా కావాల్సొచ్చింది. 1860 ప్రాంతంలో కట్టిన ఆ ఇల్లే ఇవాళ్టి రాష్ట్రపతి నిలయం. నగరంలో గాలి మంచిది కాదు, మైదానం మీద గాలి మంచిదని వాళ్ళ లెక్క. గాలి అంటే నగరంలో మనుషులు కూడా అని మనం కలుపుకోవాలి. దొరలకి ఇది ఆరోగ్యం, వాళ్ళ వెంట వచ్చిన వంటవాళ్ళకీ గుర్రాలవాళ్ళకీ డ్యూటీ. మాలో చాలామందిమి ఆ డ్యూటీకొచ్చినవాళ్ళ మనవలం, మునిమనవలం. ఒకప్పుడు వేరేవాళ్ళకి దూరపు మందైన ఊరు, మాకు పెరడు.

ఆ పెరట్లో ఉన్నవాళ్ళకి కూడా ఓ దూరం కావాలి కదా. మా ఇంట్లో దాని పేరు వెల్లూరు.

మా తాతకి 1980ల్లో కడుపులో ఏదో గడ్డ అన్నారు. సికింద్రాబాద్‌లో చూసిన డాక్టరు సంగతేంటో, ఎన్నాళ్ళో, నెమ్మదిగా చెప్పాడట. మా అమ్మమ్మ విన్నది, తలూపింది, ఇంటికొచ్చి మెళ్ళో గొలుసు తీసి మా మేనమామ చేతిలో పెట్టింది. రాత్రి రైలెక్కి కాట్పాడిలో దిగి, అక్కడి నుంచి వెల్లూరు సీఎంసీ. ఐడా స్కడర్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆస్పత్రి అది. అప్పటికే బెంగాల్ నుంచి, అస్సాం నుంచి జనం రైళ్ళలో వచ్చి ఆ చుట్టుపక్కల లాడ్జీల్లో గదులు తీసుకుని, అక్కడే స్టవ్ మీద వండుకుంటూ నెలల తరబడి ఉండేవాళ్ళు. మావాళ్ళూ పదహారు రోజులున్నారు. పదిహేడో రోజు వెల్లూరు డాక్టరు చెప్పింది సికింద్రాబాద్ డాక్టరు చెప్పిందే, దాదాపు అవే మాటల్లో.

మరి గొలుసు దండగేనా? నా చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడల్లా దండగే అనిపించేది. ఇప్పుడు అంత తేలిగ్గా అనలేను. తాత పోయాక పలకరింపుకి వచ్చిన ప్రతివాళ్ళూ అడిగింది ఒకటే ప్రశ్న: "వెల్లూరు చూపించిన్రా?" చూపించినం అని అమ్మమ్మ అన్న ప్రతిసారీ అవతలివాళ్ళు కాసేపు ఊరుకుని, "ఇంక మీరేం జేస్తరు లే" అనేవాళ్ళు. ఆ మాట కోసం ఎన్ని గొలుసులైనా ఇవ్వొచ్చు. జబ్బు మనిషిని ప్రేమించామని రుజువు చేయడానికి మన దగ్గర పెద్దగా సాధనాలేం లేవు. ఎంత దూరం తీసుకెళ్ళామన్నది ఒక కొలత. కిలోమీటర్లు కనపడతాయి, రాత్రంతా మంచం పక్కన కూర్చోవడం కనపడదు.

చేయగలిగిందంతా చేశాం అనే ఈ వాక్యం దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. వైద్యం కోసం చేసే ప్రయాణాల్లో చాలావాటికి అసలు రోగి ఇంట్లో మిగిలిపోయే మనిషే అనిపిస్తుంది. ఆ మనిషికి రాబోయేది పశ్చాత్తాపం. దానికి ముందస్తు టీకా ఈ ప్రయాణం. అట్లా చూస్తే మా అమ్మమ్మ మూఢంగా ఏం చేయలేదు. తనకి పట్టబోయే జబ్బేంటో పోల్చుకుని దాని మందు తాను కొనుక్కుంది. కానీ ఆ పదహారు రోజులూ తాత వాళ్ళ ఇంటి అరుగు మీద ఉండాల్సినవి. తనకి ఎక్కడుండాలని ఉందో ఎవరైనా అడిగారో లేదో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

వెల్లూరు తర్వాత మద్రాసు వచ్చింది, ఆ తర్వాత అమెరికా. చిత్తూరు జిల్లా అరగొండ నుంచి వచ్చిన ప్రతాప్ సి. రెడ్డి చాలాసార్లు చెప్పిన కథ ఒకటుంది. 1979లో ఆయన దగ్గరికొచ్చిన ముప్పై ఎనిమిదేళ్ళ రోగికి అమెరికాలో గుండె ఆపరేషన్ చేయిస్తే తప్ప లాభం లేదు, యాభై వేల డాలర్లు సమకూరలేదు, మనిషి పోయాడు. 1983లో మద్రాసులో తెరిచిన అపోలో ఆస్పత్రికి ఆ చావే మొదలంటారాయన. దేశంలో తొలి బైపాస్ 1975లోనే, మద్రాసు పెరంబూరు రైల్వే ఆస్పత్రిలో జరిగింది. అయినా 1984లో మన ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు గుండె ఆపరేషన్‌కి అమెరికానే వెళ్ళారు. తిరిగొచ్చిన కొద్ది రోజులకే, ఆగస్టు 16న, గవర్నరు ఆయన్ని పదవి నుంచి తీసేశారు. చక్రాల కుర్చీలో ఢిల్లీ దాకా వెళ్ళి, సరిగ్గా నెలకి కుర్చీ మళ్ళీ తెచ్చుకున్నారు. ఈ కథని అందరూ రాజకీయ కథగానే చెప్పుకుంటారు. నాకు ఇంకో ప్రశ్న వస్తుంది. ముఖ్యమంత్రి గుండెకి హైదరాబాదు సరిపోకపోతే, ఆ వార్త పొద్దున్నే పేపర్లో చదువుతూ ఉస్మానియా ఓపీ లైన్లో నించున్నవాడికి ఏమనిపించి ఉంటుంది?

ఆల్బర్ట్ హర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో 'ఎగ్జిట్, వాయిస్ అండ్ లాయల్టీ' అని చిన్న పుస్తకం రాశాడు. నైజీరియాలో రైళ్ళు అధ్వాన్నంగా నడుస్తున్నాయి, పక్కనే లారీలు పోటీకొచ్చాయి. పోటీ వస్తే రైళ్ళు బాగుపడాలి కదా, మరింత పాడయ్యాయి. ఎందుకంటే గట్టిగా అరవగలిగినవాళ్ళు, అరిస్తే వినిపించుకోవాల్సినవాళ్ళు ముందుగా లారీల వైపు వెళ్ళిపోయారు. రైళ్ళలో మిగిలింది అరిచినా ఎవరూ పట్టించుకోనివాళ్ళు. మూసీ ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి పాత భవనంలో 2020 జులైలో వాననీళ్ళు వార్డుల్లోకొచ్చి, మంచాల కింద పారాయి. ఆ మంచాల మీద ఒక్క ఎమ్మెల్యే గారి మామగారు పడుకుని ఉంటే నీళ్ళు అంతదాకా వచ్చేవా అని అప్పుడు అందరం అనుకున్నాం. అనుకున్న మేం కూడా ఆ మంచాల మీద ఎప్పుడూ లేం. మా బొల్లారంలోనే కంటోన్మెంట్ బోర్డు వాళ్ళ జనరల్ ఆస్పత్రి ఉంది. మా తరంలో దాని గోడ పక్క నుంచి బండి మీద వెళ్ళినవాళ్ళమే ఎక్కువ.

అట్లాగని నొప్పితో ఉన్న మనిషిని పట్టుకుని, నువ్వు వెళ్ళిపోతే ఇక్కడ గొంతు తగ్గిపోతుంది, ఉండి పోరాడు అనడానికి నాకు నోరు రాదు. కేన్సర్ వచ్చినవాడికి పౌరధర్మం బోధించేవాడి కన్నా క్రూరుడు ఉండడు. జబ్బుపడ్డవాడు ఎక్కడికెళ్ళినా నాకు అభ్యంతరం లేదు.

నాకు ఇబ్బందిగా ఉన్నది జబ్బు రాకముందు సంగతి. ఆ ప్రశ్నపత్రాలు నింపేవాళ్ళు ఎవరు? ఎక్కువగా ఇరవైల్లో ఉన్న విద్యార్థులు. ఒంట్లో నలతేం లేనివాళ్ళు. వాళ్ళని నీకేదైనా పెద్ద జబ్బొస్తే విదేశానికి వెళ్తావా అంటే, రాని జబ్బు గురించి వాళ్ళు చెప్పేదేముంది? ఆ టిక్కులో ఉండేది వాళ్ళు ఉన్న చోటు గురించిన అభిప్రాయం. ఈ ఊరు నన్ను కాపాడుతుందా? నేను స్పృహ తప్పి పడిపోతే ఇక్కడివాళ్ళు నన్ను మనిషిలా చూస్తారా, ముందు కౌంటర్లో డబ్బు కట్టమంటారా? వెళ్తాను అని టిక్ పెట్టిన పిల్ల ఏ విమానమూ ఎక్కకపోవచ్చు. కానీ మనసులో ఒక కాలు అప్పటికే బయట పెట్టేసింది. హర్ష్‌మన్ చెప్పిన వెళ్ళిపోవడం అక్కడే జరిగిపోయింది, టికెట్టు కొనకుండానే. అట్లా బయటికెళ్ళిపోయిన మనసు పక్క వీధి ఆస్పత్రిలో ఎక్స్‌రే మిషన్ పాడైతే అర్జీ రాయదు. 'మనదగ్గర ఇంతే' అంటుంది. నేనే ఎన్నిసార్లు అన్నానో.

నమ్మకం లేకపోవడానికి కారణాలు లేవా అంటే, ఉన్నాయి. అక్కర్లేని టెస్టులు రాశారని, అవసరం లేని ఆపరేషన్ చేశారని ప్రతి ఇంట్లో ఒక కథ ఉంది, మా ఇంట్లో రెండున్నాయి. అవి కట్టుకథలు కావు. కానీ ఇస్తాంబుల్లో కూడా ప్రతి ఇంట్లో ఇట్లాంటి కథ ఉండే ఉంటుంది. తేడా ఏంటంటే ఆ ఇళ్ళు మనకి తెలియవు, ఆ భాష మనకి రాదు. మనకి అందేది నవ్వుతున్న రోగుల వీడియోలు. 'అక్కడోళ్ళు నాకు తెల్వదు కదా' అంటే అర్థం ఇదే అనుకుంటాను. అక్కడి నుంచి చెడు వార్త నా దాకా రాలేదు అని.

దూరానికి ఇంకో వైపు కూడా ఉంది. డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు రెండేళ్ళకోసారి వస్తుంది. వచ్చేటప్పుడు పట్టీ రాసుకొస్తుంది: పళ్ళు, కళ్ళజోడు, బ్లడ్ టెస్టులు, బ్లౌజులు. అమెరికాలో పళ్ళకి ఇన్సూరెన్స్ వేరే, ఉన్నా ఏడాదికి ఇంతే అని హద్దు. రూట్ కెనాల్ అంటే అక్కడివాళ్ళే జడుసుకుంటారు. కాబట్టి డబ్బు కారణం నిజమే. కానీ ఒకసారి డెంటిస్టు దగ్గరికి తోడు వెళ్ళినప్పుడు అక్క ముఖం చూశాను. ఆ పెద్దాయన అద్దం పెట్టి చూసి, "ఏమ్మా, అమెరికాలో పళ్ళు తోముకోరా? చిన్నప్పుడూ ఇంతే నువ్వు" అన్నాడు. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న ముప్పై ఒక్కేళ్ళ ప్రాజెక్ట్ మేనేజర్ కళ్ళు మెరిశాయి. బయటికొచ్చాక, "అక్కడ వాళ్ళు చాలా మర్యాదగా ఉంటార్రా. ఎవరూ తిట్టరు" అంది, అదేదో లోటు చెప్పినట్టు. మా ఫ్రెండు ఎవరికీ తెలియని చోటు కోసం విమానం ఎక్కితే, మా అక్క తనని తెలిసిన ఒక్క మనిషి కోసం అంతకు రెండింతలకి పైగా దూరం ఎగిరొస్తుంది. పెరడు వదిలి వెళ్ళాకే పెరటి చెట్టు మందైంది.

తెలిసినవాళ్ళ చూపు ఒకరికి మందు, ఒకరికి విషం. విషం అయ్యేవాళ్ళ సంగతి కొంచెం నిలిచి చూడాలి, ఎందుకంటే మేనత్త భయం దగ్గర నేనింతవరకూ నవ్వుతూనే ఉన్నాను. లింగమార్పిడి ఆపరేషన్లకి బ్యాంకాక్ వెళ్ళేవాళ్ళని మా ఫ్రెండుతో ఒకే గాట కట్టలేం. వాళ్ళలో చాలామందికి ఇక్కడి ఆస్పత్రి అంటే పేరు పిలిచినప్పుడు హాలంతా తిరిగి చూడటం, ఏ వార్డులో పడుకోబెట్టాలో తేలక వరండాలో కూర్చోబెట్టడం, జ్వరమని వెళ్తే జ్వరం తప్ప అన్నీ అడగడం. డాక్టరు చెయ్యి మంచిదా కాదా అన్న ప్రశ్న దాకా వాళ్ళు రానే రారు, గుమ్మం దగ్గరే ఆగిపోతారు. 2021 జనవరిలో నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ అని ఒకటి తెరిచారు. ట్రాన్స్ మనుషుల కోసం, ట్రాన్స్ మనుషులే నడిపే క్లినిక్. హార్మోన్ల సలహా, హెచ్ఐవీ టెస్టులు, మనసు బాగోకపోతే మాట్లాడటానికి మనుషులు. దేశంలో అట్లాంటిది అదే మొదటిది. అక్కడ ఆకాశం నుంచి ఊడిపడ్డ మిషన్లేం లేవు. కౌంటర్లో కూర్చున్నవాళ్ళు లోపలికొచ్చినవాళ్ళని ఎగాదిగా చూడరు, అంతే. అంతమాత్రానికే జనం వచ్చారు. దగ్గరి చెట్టు చూసే చూపు మారితే దాని ఆకు పనిచేసింది. దానికి నీళ్ళు మాత్రం అమెరికా ప్రభుత్వ సాయం నుంచి వచ్చేవి. 2025 జనవరిలో వాషింగ్టన్‌లో ఒక సంతకంతో ఆ సాయం ఆగిపోతే నారాయణగూడలో తలుపులు మూతపడ్డాయి. కొన్ని నెలలకి టాటా ట్రస్ట్స్ సాయంతో, వేరే పేరుతో మళ్ళీ తెరిచారు. ఆ మధ్యలో నెలలు ఎట్లా గడిచాయో అక్కడికి వెళ్ళేవాళ్ళకే తెలియాలి.

ఇంతవరకూ దూరం మనల్ని దాచడం గురించే చెప్పాను. దూరం అవతలివాళ్ళని కూడా మన నుంచి దాస్తుంది. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ రెండోదే.

2016 జనవరిలో నల్లగొండ పోలీసులు ఒక కేసు బయటపెట్టారు. మన జిల్లాల కుర్రాళ్ళని టూరిస్టుల్లా కొలంబో తీసుకెళ్ళి, కిడ్నీ తీసి, కొన్ని లక్షలు చేతిలో పెట్టి పంపిస్తున్న ముఠా. అరెస్టయినవాళ్ళలో ఒకడు ముందు తన కిడ్నీయే అమ్ముకుని, తర్వాత ఏజెంటుగా మారిన కుర్రాడని అప్పటి వార్తలు. ఆ గొడవతో శ్రీలంక విదేశీయులకి కిడ్నీ మార్పిడి ఆపరేషన్లు ఆపేసింది. మళ్ళీ 2024లో కొచ్చిలో బయటపడ్డ ఇరాన్ కేసులోనూ హైదరాబాదు పేరు వినిపించింది. కిడ్నీ కావాల్సినవాడు, ఇచ్చేవాడు, ఇద్దరూ ఇక్కడివాళ్ళే అయినా కలిసింది సముద్రం దాటాక. మన దేశంలో 1994 నుంచి అవయవ మార్పిడికి చట్టముంది. దాత నీకేమవుతాడు, ఎందుకిస్తున్నాడు అని ఒక కమిటీ కూర్చుని అడుగుతుంది. దూరానికి డబ్బు కట్టింది ఆ ప్రశ్న తప్పించుకోవడానికే. 'ఎవడో ఒకడు చూస్తడు' అన్న భయమే ఇక్కడా ఉన్నది. ఈసారి చూడాల్సిన అవసరం నిజంగా ఉంది.

ఆ కుర్రాడికి ఐజెన్ ప్రశ్నపత్రం ఇస్తే ఏం టిక్ పెడతాడు? ఇది మంచి పనేనా: అప్పు తీరుతుంది, మంచిదే. నీవాళ్ళు ఏమంటారు: వాళ్ళకి చెప్పలేదు. నీ చేతుల్లో ఉందా: పాస్‌పోర్టు వాళ్ళే తీయించారు, టికెట్టు వాళ్ళే కొన్నారు, ఏ ఇబ్బందీ లేదు. వైద్యం కోసం విదేశం వెళ్ళాలన్న ఉద్దేశం: చాలా బలంగా ఉంది. గళ్ళ ప్రకారం ఇతనూ మా ఫ్రెండూ ఒకటే. ఉద్దేశాన్ని కొలవడం ఎంత సులువో, అది ఎవరిదో చెప్పడం అంత కష్టం.

1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో, ఇవాళ బేగంపేట అంటున్న చోట, రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలు తాగిన నెత్తురు హుసేన్ ఖాన్ అనే రోగిది. కుట్టిన దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారు. రాస్‌కి నోబెల్ వచ్చింది, ఆ భవనానికి ఆయన పేరుంది. హుసేన్ ఖాన్ తర్వాత ఏమయ్యాడో ఎవరూ రాయలేదు. అణాలకి అతను ఒప్పుకున్నాడు కదా అంటే, ఒప్పుకున్నాడు. అతనికి మలేరియా ఉంది, పక్కన డాక్టరు ఉన్నాడు, ఇంకేం అనగలడు? ఆ పరిశోధన జరగకూడదని నేననను, దానివల్ల లోకానికి జరిగిన మేలు కొలవలేం. ఒక గదిలో పక్కపక్కనే కూర్చున్న ఇద్దరి మధ్య కూడా సముద్రమంత దూరం ఉండొచ్చని మాత్రం ఆ అణాలు గుర్తొచ్చినప్పుడల్లా అనిపిస్తుంది.

ఇదంతా మా ఫ్రెండుకి చెప్పానా? చెప్పలేదు. జుట్టు కోసం వెళ్తున్నవాడికి కిడ్నీల కథ చెప్పడం అన్యాయం. ఎయిర్‌పోర్టులో దించి వచ్చాను.

నాలుగో రోజు ఇస్తాంబుల్ ఎయిర్‌పోర్టు నుంచి ఫోటో పంపాడు. బోర్డింగ్ గేటు దగ్గర వరసగా మగాళ్ళు, అందరి నెత్తుల మీదా ఎర్రటి చుక్కలు, నుదుటికి నల్ల పట్టీలు. జర్మన్లు, అరబ్బులు, ఎవరెవరో. ఒక్కడూ టోపీ పెట్టుకోలేదు. 'మామా, ఈడ ఎవడూ సిగ్గు పడ్తలేడు' అని కింద రాశాడు. శంషాబాద్‌లో దిగగానే టోపీ పెట్టేశాడు. ఇంట్లో, ఆఫీసులో ఏదో పందెం ఓడి గుండు కొట్టించుకున్నానని చెప్పాడట. నమ్మారో లేదో.

మూడు వారాలకి ఒక రాత్రి ఫోన్ చేశాడు. వెనకవైపు కురుపులు లేచాయి, చీము, జ్వరం. ఇస్తాంబుల్ వాళ్ళకి వాట్సాప్‌లో ఫోటోలు పెడితే, దగ్గర్లో ఉన్న డాక్టర్ని కలవండి అని వెంటనే, మర్యాదగా జవాబొచ్చింది. దగ్గర్లో అంటే బజార్లో మా ఇద్దరికీ చిన్నప్పటి నుంచి సూదులేసిన డాక్టరంకులే. నేనూ వెంట వెళ్ళాను. తొమ్మిదిన్నరకి షటర్ సగం దించి ఉంది.

"టోపీ తీయ్ బేటా" అన్నాడాయన.

తీశాడు. ఆయన టార్చి వేసి చాలాసేపు చూశాడు. ఎక్కడ చేయించినవ్ అని అడగలేదు, ఎంతైందని అడగలేదు. కురుపులు శుభ్రం చేసి, మందులు రాసి, చీటీ చేతికిస్తూ అన్నాడు:

"మీ నాన్న గూడ అచ్చం నీ వయసుల ఉన్నప్పుడు ఒకరోజు గిట్లనే షటర్ దించినంక వచ్చిండు. ఏమన్న మందుందా డాక్టర్ సాబ్, ఎవరికి చెప్పకుండ్రి అని."

మా వాడు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయటికొచ్చి బండి స్టార్ట్ చేశాక చూశాను. టోపీ లోపల టేబుల్ మీదే మర్చిపోయాడు.